గోల్ఫ్ జమీన్: సెయింట్ ఆండ్రూస్ నుంచి నయా ఖిలా దాకా

గోల్ఫ్ అంటే మన ఇళ్ళల్లో ఎవరికీ పెద్దగా లెక్కలేదు. టీవీలో ఎప్పుడన్నా చానెల్ మారుస్తుంటే కనపడుతుంది. తెల్ల టోపీ, పచ్చగడ్డి, చప్పట్లు కూడా మెల్లగా కొట్టే జనం. మా అబ్బా అయితే "ఇదేం ఆటరా, బంతిని కొట్టి వెనకాల నడుచుకుంటూ పోవడం!" అని రిమోట్ లాక్కునేవారు. బడా లోగోంకా ఖేల్ అని ఒక్కమాటలో తేల్చేశాం. కానీ ఒక సంగతి ఆలోచించండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ ఆట ఆడే రెండు పెద్ద మైదానాలూ మన తవారీఖ్ మీదే ఉన్నాయి. ఒకటి కుతుబ్ షాహీల కోట లోపల. ఇంకోటి ఒక దర్గాకి వక్ఫ్ అని ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదించిన జమీన్ పక్కన. అందుకని ఈ ఆట మన ఆట కాకపోయినా, ఆ జమీన్ కహానీ మాత్రం మనదే.

కహానీ మొదలుపెట్టాలంటే ముందు స్కాట్లాండ్ పోవాలి. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

గోల్ఫ్ మైదానాల్లో 'లింక్స్' అని ఒక ఖాందాన్ ఉంది. ఆటంతా అక్కడే పుట్టింది. లింక్స్ అంటే గొలుసు అనుకునేరు, కాదు. పాత ఇంగ్లీషులో గట్టు, మెరక అనే అర్థం వచ్చే మాట నుంచి వచ్చిందంటారు. సముద్రానికీ పొలాలకీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల అది. మంచుయుగం పోయాక సముద్రం వెనక్కి జరిగినచోట ఇసుక దిబ్బలు మిగిలాయి. గాలి వాటిని అటూ ఇటూ తోసింది. వాటి మీద సన్నటి గట్టి గడ్డి మొలిచింది. ఆ ఇసుకలో నీళ్ళు నిలవవు, నాగలి పెడితే పంట రాదు. చెట్టు కూడా బతకదు, అంత గాలి. రైతుకి పనికిరాని నేల. అందుకే అది ఊరందరిదీ అయింది. గొర్రెలు మేపుకునేవారు, బట్టలు ఆరేసుకునేవారు, పిల్లలు ఆడుకునేవారు. గాలికి తట్టుకోలేక గొర్రెలు గుంటల్లో ఒదిగి పడుకుంటే ఆ గుంటలే ఇంకా లోతైపోయి, ఈ రోజు ఆటగాళ్ళు భయపడే ఇసుక గుంటలు అయ్యాయని చెప్తారు. ఆ మైదానాన్ని ఎవరో కాగితం మీద గీసి కట్టలేదు. గాలీ, గొర్రెలూ, కుందేళ్ళూ కలిసి తయారు చేశాయి.

మన దగ్గర అలాంటిది లేదు. దక్కన్ అంతా రాయి, నల్లరేగడి, ఎర్రమట్టి. మా పోతిరెడ్డిపల్లి నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూచోవాలి. కానీ అందరిదీ అయిన నేల అనే ఖయాల్ మాత్రం మనకి కొత్తది కాదు. బీడు, బంజరు, గైరాన్, ఊరి మైదాన్, ఈద్గాహ్ ముందు ఖాళీ జాగా. మా చౌరస్తా దగ్గర ఒకప్పుడు పిల్లలు క్రికెట్ ఆడిన జాగాలన్నీ ఇప్పుడు హద్దురాళ్ళు పాతిన వెంచర్లే. ముంబై రోడ్డు వెడల్పయిన కొద్దీ, పటాన్‌చెరు కంపెనీలు ఇటు జరిగిన కొద్దీ ఆ రాళ్ళు కూడా ఇటే జరిగాయి.

స్కాట్లాండ్ వాళ్ళకి ఈ ఆట మీద పిచ్చి ఎంతదంటే, 1457లో రాజు రెండో జేమ్స్ కాలంలో వాళ్ళ పార్లమెంటు గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ మనా చేసింది. కుర్రాళ్ళు బాణాలు వేయడం మానేసి బంతుల వెంట పడుతున్నారు, రేపు జంగ్ వస్తే ఎట్లా అని. ఆ ఏడు మన దక్కన్ బీదర్ తఖ్త్ మీద కూర్చున్న అలాఉద్దీన్ అహ్మద్ షా బహ్మనీ చేతిలో ఉంది. మనా చేసినంత మాత్రాన ఆట ఆగలేదు. ఆగుతుందా!

ఇప్పుడు అసలు సంగతి. సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో ఒక లింక్స్ ఉంది. దుని‌యాలో గోల్ఫ్ ఆడేవాళ్ళందరికీ అదే మూలస్థానం, 'ఓల్డ్ కోర్స్' అంటారు. 1552లో ఆ ఊరి ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్‌కి ఆ ఇసుకనేల మీద కుందేళ్ళు పెంచుకోవాలనిపించింది. ఖర్గోష్‌ల మాంసానికీ తోలుకీ మంచి ధర ఉండేది. ఊరివాళ్ళతో ఒక దస్తావేజు రాసుకున్నారు. కుందేళ్ళు పెంచుకునే ఇజాజత్ ఆయనకి. కానీ అక్కడ గోల్ఫ్ ఆడుకునే హక్, ఫుట్‌బాల్ ఆడుకునే హక్, బాణాలు వేసుకునే హక్, పశువుల్ని మేపుకునే హక్ ఊరి అవామ్‌దే అని ఆ కాగితం మీద సాఫ్‌గా రాశారు. ఒక పెద్దమనిషి తన అవసరానికి రాయించుకున్న కాగితంలో జనం హక్కు కూడా పడింది. ఆ ఒక్క వాక్యం తర్వాత నాలుగైదు వందల ఏళ్ళు ఆ ఊరిని కాపాడింది.

ఆ 1552 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దానికి రెండేళ్ళ ముందే, 1550లో, ఇబ్రాహీం కుతుబ్ షా గోల్కొండ తఖ్త్ ఎక్కాడు. ఏడేళ్ళు విజయనగరంలో పనాహ్ తీసుకుని, అక్కడ తెలుగు నోటికి పట్టించుకుని వచ్చిన సుల్తాన్. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం ఇచ్చాడు. ఇంకా మన ఇలాకా మాట చెప్పాలంటే, పటాన్‌చెరు అమీన్ ఖాన్ కూడా ఆ కాలం మనిషే. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం 'యయాతి చరిత్ర' అమీన్ ఖాన్‌కి అంకితం. ఒక్క సంస్కృతం మాట లేకుండా తెలుగు కావ్యం రాసినవాడు దాన్ని ఒక ముసల్మాన్ అమీర్‌కి ఇచ్చాడు! రోజూ కంపెనీ బస్సుల్లో పటాన్‌చెరు దాటిపోయే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? గోల్ఫ్ మాట మధ్యలో ఇదేంటి అనుకోకండి. మన రెండు గోల్ఫ్ మైదానాల కథా ఈ ఇబ్రాహీం దర్బార్ దగ్గరే మొదలవుతుంది.

సెయింట్ ఆండ్రూస్ ఊరి కథ ముగించి వస్తాను. 1754లో అక్కడ ఆటగాళ్ళు ఒక సొసైటీ కట్టుకున్నారు. 1834లో రాజుగారి దయతో దానికి 'రాయల్ అండ్ ఏన్షియెంట్' అని పేరొచ్చింది. ఈ రోజు గోల్ఫ్‌లో 18 గుంటలు ఉంటాయంటే దానికి వేరే కారణమేం లేదు. 1764లో వాళ్ళు తమ 22 గుంటల్లో కొన్నింటిని కలిపేసి 18 చేసుకున్నారు, దుని‌యా అంతా అదే పట్టుకుంది. ఇంతవరకూ బాగానే ఉంది. 1797 వచ్చేసరికి మునిసిపాలిటీ దివాలా తీసింది. అప్పుల బాధలో ఆ లింక్స్‌నే చేతులు మార్చింది. అది చివరికి కుందేళ్ళ వ్యాపారం చేసే డెంప్‌స్టర్ కుటుంబం చేతిలో పడింది. కుందేళ్ళు మైదానమంతా బొరియలు తవ్వేశాయి, ఆట సాగదు. ఊరివాళ్ళు పాత దస్తావేజు తీశారు. మా హక్ ఇక్కడ రాసి ఉంది అన్నారు. ఇరవై ఏళ్ళ దాకా ముఖద్దమా నడిచింది. లండన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. కోర్టులో ఒక పక్క వాదనలు, మైదానంలో ఇంకో పక్క కుందేళ్ళ వేట. ఆ రోజుల్ని వాళ్ళు 'కుందేళ్ళ యుద్ధం' అంటారు. నవ్వొస్తుంది గానీ, నాకైతే అసూయ కూడా కలుగుతుంది. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే జమీందారు, ఆయనా ఆటగాడే, ఆ నేల కొని గొడవ ఆపాడు. 1894లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి లింక్స్‌ని ఊరి మునిసిపాలిటీకి తిరిగి ఇచ్చింది. 1974లో ఇంకో చట్టం. అప్పటి నుంచి ఒక ట్రస్టు చూసుకుంటోంది.

ఇది చదువుతుంటే నాకు వక్ఫ్ గుర్తొచ్చింది. పేరు వేరు, మతం వేరు, కానీ మతలబ్ అదే కదా. జమీన్ ఒక మనిషి సొత్తు కాకుండా, అమ్మకుండా, అవామ్ ఫాయిదా కోసం నిలబెట్టి ఉంచడం. మనం దాన్ని అల్లాహ్ పేరు మీద చేశాం, వాళ్ళు పార్లమెంటు పేరు మీద చేశారు.

ఈ రోజుకీ ఆ ఓల్డ్ కోర్స్ ఏ క్లబ్బు సొత్తూ కాదు. దుని‌యాలో అంత పేరున్న మైదానంలో మెంబర్‌షిప్ లేని మామూలు ఆటగాడు కూడా చిట్టీ వేసి, వంతు వస్తే ఆడొచ్చు. మొదటి గుంటకీ ఆఖరి గుంటకీ మధ్య నుంచి ఒక దారి అడ్డంగా పోతుంది, గ్రానీ క్లార్క్స్ విండ్ అని పేరు. జనం సముద్రం ఒడ్డుకి ఆ దారినే పోతారు. ఆటగాళ్ళే ఆగి దారి ఇవ్వాలి. ఇక ఆదివారం ఆట బంద్. పెద్ద టోర్నమెంటు ఉంటే తప్ప ఆదివారం ఆ మైదానం మొత్తం ఊరివాళ్ళ పార్కు. కుక్కలు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ ఆ గడ్డి మీదే తిరుగుతారు. మీ పిల్లలు ఎవరైనా ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో చదువుకుంటుంటే ఆదివారం పొమ్మనండి. పైసా ఖర్చు లేకుండా స్విల్కన్ వాగు మీది రాతి వంతెన దాటి, ఫోటో దిగి రావచ్చు.

ఇంకా లింక్స్ మైదానాలు చాలా ఉన్నాయి. 1860లో మొదటి ఓపెన్ చాంపియన్‌షిప్ జరిగిన ప్రెస్ట్‌విక్, ఆడింది మొత్తం ఎనిమిది మంది, గెలిచినవాడు విల్లీ పార్క్. ఉత్తరాన ఎక్కడో దూరంగా డోర్నోక్. గాలికి పేరుపడ్డ కార్నూస్టీ. ఐర్లండ్‌లో కొండల కింద కౌంటీ డౌన్, పశ్చిమ తీరంలో బాలీబనియన్. అన్నీ గొప్పవే అంటారు. అయితే అన్నిచోట్లా సెయింట్ ఆండ్రూస్ లాంటి దిల్ లేదు. మ్యూర్‌ఫీల్డ్ అని ఒక పెద్ద మైదానం ఉంది. అక్కడి క్లబ్బు ఆడవాళ్ళని మెంబర్లుగా చేర్చుకోడానికి ఒప్పుకుంది 2017లో! అంతెందుకు, సెయింట్ ఆండ్రూస్‌లో మైదానం జనానిదే అయినా, పక్కనున్న రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్బు కూడా 2014 దాకా ఆడవాళ్ళకి తలుపు తియ్యలేదు. మన మసీదుల్లో ఆడవాళ్ళకి జాగా లేదని మనల్ని అడిగేవాళ్ళు ఉన్నారు, అడగాలి కూడా. ఈ మాట కూడా పక్కన పెట్టుకుంటే మంచిది.

అంగ్రేజోళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి ఈ ఆట మోసుకెళ్ళారు. కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. బ్రిటిష్ దీవుల బయట అంతకన్నా పాతది లేదు. బెంగళూరులో 1876. అయితే ఇక్కడికి వచ్చాక ఈ ఆటకి ఒక తేడా వచ్చింది. అక్కడ అది ఎవరికీ పనికిరాని ఇసుకలో పుట్టిన ఆట, ఇక్కడ అది గోడ కట్టుకుని ఆడే ఆట అయింది. అదీ ఎవరి నేల మీద? కలకత్తా టాలీగంజ్ క్లబ్బు నేల, టిప్పు సుల్తాన్ షహీద్ అయ్యాక అంగ్రేజోళ్ళు అక్కడికి తరిమిన ఆయన ఖాందాన్ ఉన్న జాగా. టిప్పు కొడుకు గులాం మహమ్మద్ కట్టించిన మసీదు ఆ ఇలాకాలో ఇప్పటికీ ఉంది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులోకి పోతే ఆట జరిగే గడ్డి మధ్యలోనే పాత మక్బరాలు. లాల్ బంగ్లా, బారా ఖంబా, ఇంకా ఎవరెవరివో. బంతి మక్బరా వెనక్కి పోతే వెళ్ళి తెచ్చుకుంటారు. అక్కడ ఫాతెహా చదివేవాళ్ళు ఎవరున్నారు?

ఇక మన నయా ఖిలా.

గోల్కొండ చూడని వాళ్ళు మనలో లేరు. బాలా హిసార్ ఎక్కుతాం, ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడతాం, సాత్ గుంబద్ చూసుకుని వచ్చేస్తాం. నయా ఖిలా మాత్రం వందలో ఐదుగురు కూడా చూసి ఉండరు. అసలు అది ఎందుకు కట్టారంటే, 1656లో ఔరంగజేబ్ దక్కన్ సుబేదార్‌గా ఉన్నప్పుడు గోల్కొండ మీదికి వచ్చాడు. మీర్ జుమ్లా ఝగ్డా ఒక బహానా. అప్పటి సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా కోటలో చిక్కుకున్నాడు. ఆయన వాలిదా హయాత్ బక్షీ బేగం తానే మొఘల్ డేరాకి పోయి సులహ్ మాటలు మాట్లాడింది. ఆ తల్లి హిమ్మత్ మీద ఒక కితాబ్ రాయొచ్చు. షాజహాన్ హుకుం రావడంతో ముట్టడి ఎత్తేశారు. సుల్తాన్ బిడ్డని ఔరంగజేబ్ పెద్దకొడుకుకి ఇచ్చి నికాహ్ చేశారు. ఆ ముట్టడి ఒక సబక్ నేర్పింది. కోటకి ఈశాన్యాన ఉన్న మెరక మీద దుష్మన్ తోపులు ఎక్కిస్తే లోపల బతుకు లేదు. అందుకని ఆ మెరకని కూడా లోపలికి కలుపుకుని కొత్తగా గోడ, బురుజులు కట్టారు. అదే నయా ఖిలా. ముప్పై ఏళ్ళకి, 1687లో, ఔరంగజేబ్ మళ్ళీ వచ్చి ఎనిమిది నెలలు కూచున్నాడు. కొత్త గోడ ఆపింది. అబ్దుల్ రజ్జాక్ లారీ ఒళ్ళంతా గాయాలయ్యేదాకా ఆపాడు. ఆపలేకపోయింది లోపలి మనిషి తెరిచిన దర్వాజాని.

గోడ కొత్తదే గానీ లోపలి సంగతులు పాతవి. ముల్లా ఖయాలీ మసీదు అక్కడే ఉంది. ఖయాలీ అంటే ఇబ్రాహీం కాలపు దక్కనీ షాయర్. మనం ఇళ్ళల్లో మాట్లాడే "నక్కో", "హౌ" జబాన్‌కి తొలి షాయర్లలో ఒకడు. ఆయన కట్టించిన మసీదు మీనార్లు చిన్నవే, కానీ గచ్చు పనితనం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఇంకో మసీదు ముస్తఫా ఖాన్‌ది. ఇబ్రాహీం దర్బార్లో పెద్ద అమీర్, తళ్ళికోట జంగ్ ముందు సుల్తాన్‌లని కలపడానికి తిరిగినవాడు. వీటి మధ్య ఒక షాహీ బాగ్ ఉండేది. కొన్నేళ్ళ కిందట పురావస్తు శాఖ తవ్వితే మట్టి కింద నుంచి నీళ్ళ కాలువలు, హౌజులు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి. తాజ్‌మహల్ బాగ్ చూసి వాహ్ వా అంటాం. ఇక్కడ ఇంటి పక్కనే అలాంటి బాగ్ మట్టి కప్పుకుని పడుకుని ఉంది.

ఇంకా హథియాన్ కా ఝాడ్. ఏనుగంత చెట్టు. మన దేశపు చెట్టు కాదు, ఆఫ్రికాది, బావోబాబ్ అంటారు. అరబ్ సౌదాగర్లు కుతుబ్ షాహీలకి తోఫాగా తెచ్చారంటారు. ఫకీర్లు తెచ్చారని కూడా అంటారు. నాలుగు వందల ఏళ్ళు పైబడిందని చెప్తారు. మొదలు చుట్టుకొలత 27 మీటర్ల పైనే. లోపల బోలుగా గది లాంటి జాగా ఉంది, చాలీస్ చోర్ అందులో దాక్కున్నారని పాతబస్తీ నానీలు పిల్లలకి చెప్పే కథ.

ఈ మసీదులకీ ఈ చెట్టుకీ ఈ బాగ్‌కీ పక్కనే, అదే గోడ లోపల, ఇప్పుడు పద్ధెనిమిది గుంటల గోల్ఫ్ మైదానం ఉంది. ఈ శతాబ్దం మొదట్లో టూరిజం శాఖ, గోల్ఫ్ అసోసియేషన్ కలిసి దీనికి రాస్తా వేశాయి. ఇప్పుడు దేశంలో పేరున్న టోర్నమెంట్లు అక్కడ జరుగుతాయి. ఇంకోవైపు గోల్కొండని, సాత్ గుంబద్‌నీ, చార్మినార్‌నీ కలిపి యునెస్కో జాబితా కోసం 2010లో పేరు పంపారు. ఒకే సర్కార్, ఒక చేత్తో వారసత్ అని అర్జీ, ఇంకో చేత్తో ఆటకి ఇజాజత్. లోపల పట్టా భూములున్న రైతులు కోర్టులకి పోయారు. చరిత్ర మీద మొహబ్బత్ ఉన్నవాళ్ళు యంత్రాలతో తవ్వొద్దనీ, చెరువుల్లో మట్టి పొయ్యొద్దనీ, జనాన్ని ఆపొద్దనీ ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నారు. పురావస్తు శాఖ కూడా ఏతరాజ్ చెప్పింది.

ఇక్కడ ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. గోల్ఫ్ రాకపోతే నయా ఖిలా ఎలా ఉండేది? గోల్కొండ పాత ఖిలా లోపల చూడండి, గోడకి ఆనించి ఇళ్ళు, బురుజు మీద ఇళ్ళు. కబ్జా చేసేవాళ్ళు గోల్ఫ్ ఆడేవాళ్ళే కానక్కర్లేదు, మనవాళ్ళూ ఉన్నారు. ఈ గడ్డి లేకపోతే ఆ చెట్టు చుట్టూ ఈపాటికి నాలుగంతస్తుల బిల్డింగులు లేచేవని వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటని నేను కొట్టిపారెయ్యను. కానీ దానికి నా సవాల్ ఒకటే. కాపాడినవాళ్ళకి తాళం చెవి కూడా ఇచ్చెయ్యాలా? సెయింట్ ఆండ్రూస్‌లో ఆటా ఉంది, మధ్యలో జనం దారీ ఉంది, ఆదివారం పార్కూ ఉంది. ముల్లా ఖయాలీ మసీదుకి అలాంటి ఒక దారి, ఒక రోజు కాగితం మీద రాసిపెట్టడానికి ఏం అడ్డం? పైగా ఆ లింక్స్ గడ్డి వానకీ గాలికీ బతుకుతుంది. మన రాతినేల మీద అదే ఆట కావాలంటే ఎండాకాలమంతా నీళ్ళు పోసి గడ్డిని పెంచాలి. ఆటని తెచ్చుకున్నాం, ఆ ఆట పుట్టిన నేల లక్షణాన్ని మాత్రం అక్కడే వదిలేశాం.

రెండో మైదానం మణికొండ, గచ్చిబౌలి వైపు. హజ్రత్ హుసేన్ షా వలీ పేరు వినని హైదరాబాదీ ఉండడు. వినలేదనుకున్నవాళ్ళు కూడా రోజూ ఆయన పేరే తలుచుకుంటారు, హుసేన్ సాగర్ అని. గుల్బర్గా ఖ్వాజా బందా నవాజ్ ఔలాద్. ఇబ్రాహీం కుతుబ్ షా అల్లుడు. 1562 ప్రాంతంలో ఆ చెరువు ఆయన నిగ్రానీలోనే కట్టారు. సుల్తాన్ పేరు పెట్టాలనుకుంటే జనం అల్లుడి పేరు పెట్టేశారని ఒక హికాయత్ కూడా ఉంది. ఆయన దర్గా మణికొండ దగ్గర ఉంది. ఆ దర్గా ఖిద్మత్ కోసం ఉన్న జాగీర్ 1654 ఎకరాల 32 గుంటలు.

హైటెక్ సిటీ వచ్చాక ఆ భూములకి బంగారం ధర వచ్చింది. సర్కార్ వాటిని కంపెనీలకి ఇచ్చింది. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు, చదువు సంస్థలు, టవర్లు కట్టేవాళ్ళు. వాళ్ళలో దుబాయ్ ఎమ్మార్ కూడా ఉంది. ఎమ్మార్ ప్రాజెక్టులో ఒక్క గోల్ఫ్ మైదానానికే 235 ఎకరాలు. బౌల్డర్ హిల్స్ అని పేరు. మన దక్కన్ బండరాళ్ళ పేరు ఇంగ్లీషులో పెట్టుకున్నారు.

వక్ఫ్ బోర్డు దావా వేసింది, ఈ జాగీర్ దర్గాది అని. ముఖద్దమా ఎక్కడ చిక్కుకుందో చూడండి. 1989 గెజిట్‌లో ఆ దర్గా పేరు ఎదురుగా రాసింది 5506 చదరపు గజాలు. అంటే ఎకరం పైచిలుకు, అంతే. 1654 ఎకరాలని సవరణ నోటిఫికేషన్ వచ్చింది 2006 మార్చిలో. అప్పటికి అక్కడ అద్దాల మేడలు లేచిపోయాయి. 2012లో హైకోర్టులో సర్కార్‌కి ఎదురుదెబ్బ తగిలింది. సుప్రీంకోర్టుకి పోయారు. 2022 ఫిబ్రవరి 7న ఫైసలా వచ్చింది. జాగీర్లు రద్దయినప్పుడే ఆ భూమి సర్కార్‌కి దఖలు పడిందనీ, 2006 సవరణ చెల్లదనీ. మొత్తం భూమి రాష్ట్ర ప్రభుత్వానిదే అని తేలింది. దర్గా దర్గాలాగే ఉంది, ఉర్సు జరుగుతుంది, చుట్టూ టవర్లు.

ఈ ఫైసలా మీద మన మహఫిళ్ళలో చాలా మాటలు విన్నాను. ఎవరో కుట్ర అంటారు, ఎవరో కిస్మత్ అంటారు. నాకు మాత్రం ఆ రెండు అంకెలే కళ్ళముందు తిరుగుతాయి. 5506 గజాలు, 1654 ఎకరాలు. సెయింట్ ఆండ్రూస్ వాళ్ళ దగ్గర ఒక పాత కాగితం ఉంది, అందులో "ఊరివాళ్ళ హక్" అని సాఫ్‌గా ఉంది, అది తీసుకుని వాళ్ళు లార్డ్స్ దాకా పోయారు. మన దగ్గర సుల్తాన్‌ల ఫర్మానాలు, నిజాం కాలపు ముంతఖబ్‌లు, సర్వేలు, గెజిట్‌లు, కాగితాలకేం కరువు లేదు. అవి ఒకదానితో ఒకటి కలవవు. 1989లో ఆ ఒక్క వరస రాసినవాడు ఎవరో, దాన్ని చదివి సరిదిద్దాల్సినవాళ్ళు ఎవరో. పదిహేడేళ్ళు ఎవరూ అటు చూడలేదు. మా వైపు చిన్న చిన్న కబ్రస్తాన్‌లు, ఆషూర్‌ఖానాలు, ఈద్గాహ్‌లకి కూడా ఇదే హాల్. ముతవల్లీని అడిగితే "అంతా రికార్డులో ఉంది" అంటాడు. ఆ రికార్డు కాపీ ఎవరి ఇంట్లో ఉందో చెప్పడు. మీ మొహల్లా కబ్రస్తాన్ పేరు ఎదురుగా గెజిట్‌లో ఎన్ని గజాలు రాసి ఉందో, సర్వే నంబర్ సరిగ్గా ఉందో లేదో, ఈ జుమాకి నమాజ్ అయ్యాక నలుగురు కలిసి అడగండి. గజాల్లో రాశారా, ఎకరాల్లో రాశారా అని కూడా.

నయా ఖిలా చూడాలనుకునేవాళ్ళకి రాస్తా చెప్తాను. పోతిరెడ్డిపల్లి నుంచి యాభై కిలోమీటర్ల లోపే. పటాన్‌చెరులో ఐదు నిమిషాలు ఆగి అమీన్ ఖాన్ మక్బరా చూసుకోండి. లింగంపల్లి, గచ్చిబౌలి మీదుగా పోతే బౌల్డర్ హిల్స్ ఇలాకా దారిలోనే తగులుతుంది. మణికొండ వైపు తిరిగి హుసేన్ షా వలీ దర్గాలో ఫాతెహా చదువుకుని సాత్ గుంబద్ చేరుకోండి, అక్కడి నుంచి ఖిలా. చలికాలం పొద్దున పోతే మంచిది. మైదానం గేటు దగ్గర ఆపి అడిగితే హథియాన్ కా ఝాడ్ చూడ్డానికి వచ్చామని, మసీదులు చూడ్డానికి వచ్చామని అదబ్‌గా చెప్పండి. అవి పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాలు, చూడడం అందరి హక్. ఆట జరుగుతుంటే గడ్డి మీద అడ్డంగా నడవకండి, బంతి తగిలితే మామూలు దెబ్బ కాదు. ముందు ఖయాలీ మసీదు, తర్వాత ముస్తఫా ఖాన్ మసీదు, ఆఖర్న చెట్టు. పిల్లలు ఎలాగూ ఆ చెట్టు వదిలి రారు. దాని మొదలు చుట్టూ చేతులు చాపి పట్టుకోవాలంటే పెద్దవాళ్ళు పదహారు మందైనా కావాలి. ఇంట్లో అంతమంది లేకపోతే పొరుగింటివాళ్ళని కూడా బండిలో ఎక్కించుకోండి.